అప్‌డేట్: హారో స్కూల్ చూసొచ్చాం

లండన్ వెళ్తున్నాం, హారో స్కూల్ లోపలికి బయటివాళ్లను రానిస్తారా, నాన్నగారిని తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. గైడెడ్ టూర్ ముందే బుక్ చేసుకోమన్న మీ సలహా బాగా పనికొచ్చింది. హారో ఆన్ ద హిల్ స్టేషన్ నుంచి ఎక్కాల్సింది నిజంగా కొండే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ట్యాక్సీ మాట్లాడుకోండి.

1572లో మొదటి ఎలిజబెత్ రాణి ఇచ్చిన చార్టర్‌తో (రాజ అనుమతి పత్రంతో) మొదలైన బడి ఇది. తప్పక చూడాల్సింది 1615 నాటి తరగతి గది, ఫోర్త్ ఫారం రూమ్. గోడల చెక్కపలకల మీద, వేలు పెట్టే ఖాళీ లేకుండా, పిల్లలు చెక్కిన పేర్లే. కవి బైరన్ పేరూ ఉంది. నెహ్రూ 1905లో చేరింది ఈ బడిలోనే అని నాన్నగారు ఎంత సంబరపడ్డారో! టెన్షన్ పడ్డానుగానీ ఆయన అలసిపోలేదు.

పక్కనే సెయింట్ మేరీస్ చర్చి. బైరన్ చిన్నప్పుడు కూర్చునే సమాధి అక్కడుంది, అదీ చూడండి. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.