ఇంటి వెనక కొండదారి ఎక్కడ తేలుతుంది?

కొత్తచిరునామా: అందరికీ నమస్కారం. రెండు వారాల క్రితం కాలిఫోర్నియాలోని శాన్ రామోన్‌లో, డౌగర్టీ వ్యాలీ వైపు అద్దెకు దిగాం. మా వరుస ఇళ్ల వెనక కంచెకు మనిషి పట్టేంత సందు ఉంది. అక్కడి నుంచి గడ్డిలో కాలిబాట కొండ మీదికి పోతుంది. బోర్డు లేదు, మ్యాపులోనూ లేదు. నాన్నగారు ఆరు నెలలకని వచ్చారు, పొద్దున్నే నడవనిదే ఆయనకు తోచదు. ఆ దారి ఎక్కడ తేలుతుందో తెలిసినవారు చెబుతారా?

పాతకాపు: ఎక్కడ తేలుతుందన్నది తరవాత, ముందు ఆ నేల ఎవరిదో కనుక్కోండి. నా కథ చెబుతాను, ఓపిగ్గా చదవండి. మేం అద్దెకున్న కాలనీలోనూ ఇలాంటి సందే ఉండేది. నాలుగు నెలలు హాయిగా నడిచాను. ఒకరోజు ఇంటి యజమాని నుంచి ఉత్తరం. కాలనీ సంఘం వారు జరిమానా వేస్తామన్నారట, దాన్ని నా డిపాజిట్‌లో కోసుకుంటానన్నాడు. లోపల ఒక ఫొటో. నేను వెనక నుంచి, మంకీ క్యాపుతో సహా! సంఘం జరిమానా వేయాలంటే కనీసం పది రోజుల ముందు నోటీసు ఇచ్చి, యజమాని మాట వినాలి. అది గుర్తుచేసి, ఆయనతో కలిసి సమావేశానికి వెళ్లాను. కాలనీ హద్దుల పటం చూపించమన్నాను. వాళ్లు అరగంట వెతికి తెచ్చారు. చూస్తే కంచె దాటాక అడుగు నేల కూడా వాళ్లది కాదు, పక్కన పశువులు మేపే ఆసామిది. జరిమానా పోయింది. వారం తిరక్కుండా ముళ్లతీగ వేశారు, సందూ పోయింది.

ఎర్రమట్టి: భయపెట్టకండి సార్. కాలిఫోర్నియాలో ఐదేళ్లు ఒకే దారిన జనం నడిస్తే ఆ దారి జనానిది. అది చట్టం.

లెక్కలమాస్టారు: సగం చట్టం. ఆ ఐదేళ్ల లెక్క, అనుమతి లేకుండా బాహాటంగా వాడుకుని హక్కు కోరే పొరుగువాడికి. జనం నడిచిన దారి జనానిదని 1970లో రాష్ట్ర సుప్రీంకోర్టు అన్నమాట నిజమే. యజమానులు హడలిపోయి ఎక్కడికక్కడ కంచెలు వేయడం మొదలుపెడితే, 1972 నుంచి సివిల్ కోడ్ 1009 వచ్చి సముద్రతీరం మినహా చాలావరకు దానికి తలుపు మూసింది. కంచెల మీద అదే కోడ్‌లోని ‘1008’ సెక్షన్ అంకెతో బోర్డులు చూసే ఉంటారు. ‘నా అనుమతితో నడుస్తున్నావు’ అని దాని అర్థం. అనుమతితో నడిచేవాడికి హక్కు ఎలా పుడుతుంది?

ఎర్రమట్టి: నేను 2009 నుంచి నడుస్తున్నాను. ఇంతవరకు నన్ను ఆపినవాడు లేడు.

లెక్కలమాస్టారు: ఆపకపోవడం వేరు, హక్కు వేరు. పైగా అదే కోడ్‌లోని 846 సెక్షన్ ప్రకారం, సరదాగా నడవడానికి వచ్చినవాడు గుంటలో పడితే మామూలుగా యజమానికి బాధ్యత లేదు. కాలు విరిగితే ఖర్చు మనదే.

తోటపిచ్చి: మీరిద్దరూ కోర్టులో తేల్చుకోండి. తమ్ముడూ, నాన్నగారికి పొడుగు ప్యాంటు వేయించి, అంచులు మేజోళ్లలోకి దోపమను. అక్కడ పిడుదులు ఉంటాయి, పిల్లవి గసగసాలంత. పట్టుకుంటే మన గేదెలకు చేసినట్టు కిరసనాయిలు రాయకూడదు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. ఇక పాయిజన్ ఓక్. మూడేసి ఆకుల మొక్క. ఆకులన్నీ రాలి వట్టి పుల్లగా ఉన్నా దూలగొండిలా దురద పెట్టిస్తుంది. మా అత్తగారు ఎర్రగా భలే ఉందని బతుకమ్మ పేర్చడానికి ఆ కొమ్మలే కోసుకొచ్చారు. పండగ తొమ్మిది రోజులూ ఆవిడ చేతులకు లోషన్ రాస్తూనే ఉన్నాం. వాన పడ్డ మర్నాడు మాత్రం అసలు పంపకు. ఆ మట్టి అచ్చం మన నల్లరేగడి, బూటుకు కిలో చొప్పున అంటుకుంటుంది. ఎండాక ఆవుల డెక్కల గుంటలు ఇటుకలా గట్టిపడి మడమలు మెలిపెడతాయి. అన్నట్టు, ఆవు కదా అని దూడ దగ్గరికి వెళ్లి నిమరవద్దని చెప్పు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి.

ఎర్రమట్టి: పాముల మాట మరిచారు. అయినా ర్యాటిల్‌స్నేక్‌తో గొడవ లేదు, తోక ఆడించి చెప్పే కాటేస్తుంది.

తోటపిచ్చి: ఎవరు చెప్పారండీ? ఒక్కోసారి చప్పుడు చేయకుండానే కాటేస్తుంది. రాళ్ల సందుల్లో చేయి పెట్టకూడదు. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం వద్దు, వెంటనే 911.

పాతకాపు: మా కాలనీలో ఒకసారి పాము వస్తే సంఘం వారు ఏం చేశారో తెలుసా...

కొత్తచిరునామా: అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ నేను చదువుతుండగానే నాన్నగారు వెళ్లి వచ్చేశారు. ఆ దారి ఎక్కడికీ పోదట. పైన నీళ్ల ట్యాంకు దగ్గర తాళం వేసిన గేటుతో ఆగిపోతుందట. అక్కడ కుక్కతో వచ్చిన ఇంకో తెలుగాయన కలిశారట, వారిది తెనాలి. ప్యాంటుకు పిడుదులు ఉన్నాయేమోనని ఇప్పుడు వరండాలో నిలబెట్టి వెతుకుతున్నాను.