నిశ్చితార్థం ఉంగరానికి గులాబీ రాయి: డబ్బు దండగేనా?

సిక్కోలు_కుర్రోడు:
మాఘమాసంలో నా నిశ్చితార్థం, అమ్మాయిది విజయనగరం. తనకి వజ్రం అక్కర్లేదట, గులాబీ రంగు రాయి కావాలట, అందులోనూ పింక్ సఫైర్ అయితే ఇష్టమట. అమ్మేమో ఆ రాయికి పోసే డబ్బుతో ఇంకాస్త బంగారం వస్తుంది కదా అంటోంది. సరే, ఒకసారి చూపిద్దామని నరసన్నపేటలో ఒక కొట్టుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు ట్రే తీస్తూ "సఫైరంటే మన నీలమేనమ్మా" అన్నాడు. అంతే, అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. శని రాయి తెచ్చి కోడలి వేలికి పెడతావేట్రా అని బస్సు దిగేదాకా తిడుతూనే ఉంది. బడ్జెట్ 70 వేలు. అసలు గులాబీ రాయికి విలువ ఉందా, ఫొటోల కోసమేనా?

గంటస్తంభం_గురుడు:
లేదు. నాన్న ఆపరేషన్‌కి డబ్బు అవసరమై అమ్మ కెంపుల నెక్లెస్ అమ్మకానికి పెట్టాం. కాటాలో 42 గ్రాములు తూగింది. రాళ్లు ఊడదీసి, లోపలి లక్క కరిగించి మళ్లీ పెడితే 31. ఆ ముప్పై ఒకటికే డబ్బులిచ్చాడు. ఊడిన కెంపుల్ని పల్లీలు కట్టినట్టు కాగితంలో పొట్లం కట్టి అమ్మ చేతిలో పెట్టాడు. కొన్నరోజు మాత్రం ఆ రాళ్లకి విడిగా బిల్లు రాశారు మరి! ఆ పొట్లం ఇప్పటికీ బీరువాలోనే ఉంది. అత్త చెప్పినట్టు విను తమ్ముడూ.

సిక్కోలు_కుర్రోడు:
అత్త కాదు అన్నా, మా అమ్మే.

గంటస్తంభం_గురుడు:
ఎవరైతేనేం, మాట కరెక్టే.

కళింగపట్నం_కెరటం:
గులాబీకి విలువ లేదంటారేంటండీ? 2017లో హాంకాంగ్ వేలంలో పింక్ స్టార్ అనే వజ్రం, 59.60 క్యారెట్లు, 7 కోట్ల 12 లక్షల డాలర్లకి పోయింది. ఇరాన్ రాజుల ఖజానాలో ఉన్న దరియా-ఇ-నూర్ కూడా లేత గులాబీదే, అది గోల్కొండ వజ్రమే అంటారు. అలాంటివి ఎక్కువగా ఇచ్చిన ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని 2020లో మూసేశారు కూడా. ఇక ముందు ధర పెరుగుతుందనే నా నమ్మకం.

కంసాలి_ఇంటి_పిల్ల:
అది గులాబీ వజ్రం కథ అన్నయ్యా, ఈ అబ్బాయి అడిగేది 70 వేల ఉంగరం గురించి. రంగు ఒకటైనంత మాత్రాన రాయి ఒకటైపోదు. ఆ లెక్కన గార్నెట్ అనే ఎర్ర రాయి రేణువులు కలిసి ఎర్రగా మెరిసే మన భీమిలి ఇసుక బస్తాకెత్తుకుని అందరం కోటీశ్వరులమైపోవచ్చు.

మా తాత, నాన్న ఇద్దరూ కంసాలి పనే చేశారు కాబట్టి నాలుగు మాటలు చెప్తాను, కాస్త పొడుగవుతుంది. కెంపూ, పింక్ సఫైరూ ఒకటే ఖనిజం, కొరండం. అందులో క్రోమియం ఎక్కువుండి ముదురు ఎరుపు వస్తే కెంపు అంటారు, తక్కువుండి లేత గులాబీ వస్తే పింక్ సఫైర్ అంటారు, ఆ గీత ఎక్కడ గీయాలో వ్యాపారులకే ఇంకా తగువు. ఇంగ్లీషులో ఎరుపు తప్ప మిగతా రంగులన్నిటికీ సఫైర్ అనే పేరే పెట్టారు, మనకి నీలం అంటే నీలం రంగుదే. కొట్టు కుర్రాడు పేరుని తెలుగు చేశాడు తప్ప రాయిని చూడలేదు. కెంపుకి మనవాళ్లు పెట్టిన ఇంకో పేరు పద్మరాగం, అంటే తామర రంగు. శ్రీలంకవాళ్లు గులాబీ, నారింజ కలిసిన సఫైర్‌కి పెట్టుకున్న పేరు కూడా అందులోంచి వచ్చిందే. మీ అమ్మగారికి లేత కెంపు అని చెప్పు, అబద్ధమేం కాదు.

అసలు విలువ రోజూ పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది. కాఠిన్యంలో, అంటే గీతలు పడకుండా తట్టుకోవడంలో, వజ్రం 10, సఫైర్ 9, ఇక గులాబీ రంగులో దొరికే వేరే రాళ్లు చూస్తే స్పినెల్ 8, మోర్గనైట్ ఏడున్నర నుంచి 8, రోజ్ క్వార్ట్జ్ 7. మన ఇంట్లో ఎగిరే దుమ్ములో ఉండే ఇసుక రేణువు కూడా ఆ 7 దగ్గరే ఉంటుంది. అందుకే రోజ్ క్వార్ట్జ్ ఉంగరం పెట్టుకుని గట్టు తుడుస్తూ పోతే కొన్నేళ్లకి అంచులు మాసిపోయి రాయి మబ్బు పట్టినట్టవుతుంది. కుంజైట్ అని ఇంకోటి చూపిస్తారు, చాలా ముద్దుగా ఉంటుంది, కొనొద్దు, ఎండకి రంగు వెలిసిపోతుంది, ఒక్క దెబ్బకి చీలుతుంది. మోర్గనైట్ పర్లేదు గానీ పిండి కలిపినా తలకి నూనె రాసినా రాయి అడుగున జిడ్డు చేరి కాంతి పోతుంది, బ్రష్‌తో కడుక్కుంటూ ఉండాలి.

గంటస్తంభం_గురుడు:
లేత కెంపు అని పేరు మార్చి అమ్మని బురిడీ కొట్టించమంటావా? పైగా కెంపు కూడా గ్రహం రాయే కదా.

బొబ్బిలి_వీణ:
సూర్యుడి రాయి గురూ. అరసవల్లి పక్కన పుట్టినోడికి సూర్యుడితో పేచీ ఏటి?

కంసాలి_ఇంటి_పిల్ల:
@గంటస్తంభం_గురుడు, మీ అమ్మగారి పొట్లం గురించి ఒక మాట, బాధపడకండి. 1902లో ఫ్రాన్స్‌లో వెర్న్యూయ్ అనే ఆయన మంటలో కెంపు తయారుచేసే పద్ధతి బయటపెట్టాడు, అప్పట్నుంచి అలాంటి రాళ్లు పాత నగల్లో కూడా చాలా చేరాయి. ఒకసారి ల్యాబ్‌లో చూపించండి. సహజమైనవని తేలినా కొట్టువాడు వెంటనే డబ్బిస్తాడని మాత్రం అనుకోకండి, ఆ మాటలో మీరు చెప్పింది నిజమే. వజ్రానికీ అదే గతి, కొన్న ధర వెనక్కి రాదు. అమ్ముకోవడానికైతే బంగారం బిస్కెట్ కొనుక్కోవాలి గానీ నిశ్చితార్థం ఉంగరం ఎందుకు?

@సిక్కోలు_కుర్రోడు, రాయికి ల్యాబ్ సర్టిఫికెట్ అడుగు. రంగు తేలడానికి వేడిచేసిన రాయైతే భయం లేదు, చాలావరకు అలాగే వస్తాయి. పగుళ్లలో గాజు నింపినదైతే వదిలెయ్. చుట్టూ బంగారు అంచుతో బిగించమను, రాయిని పట్టుకునే కాళ్లు పైకి లేచి ఉంటే చీరకి పట్టుకుంటాయి. 18 క్యారెట్ల బంగారం పెడతామంటే కల్తీ అని అమ్మ గొడవ చేస్తారేమో, 22 మెత్తనిది, రాయిని గట్టిగా పట్టదు. రాయి క్యారెట్ వేరు, అది బరువు, ఒకటంటే 200 మిల్లీగ్రాములు.

సిక్కోలు_కుర్రోడు:
అప్‌డేట్. ఆదివారం అమ్మని ఇంకో కొట్టుకి తీసుకెళ్లాను. నేనేం పేరు చెప్పలేదు. మూడు రాళ్లు తెల్ల గుడ్డ మీద పెట్టారు, లైట్ల కింద మూడూ ఒకేలా ఉన్నాయి. అమ్మ "ఎండలో చూపించండి" అని వాటిని అరచేతిలో పెట్టుకుని మెట్ల మీదకి నడిచింది, వెనక సేల్స్‌మేన్ పరుగు. రోడ్డు మీద చూస్తే ఒకటి వెలవెలబోయింది, ఒకటి వంకాయ రంగులోకి పోయింది, మూడోది అలాగే నిలబడింది. ఇది ఏ రాయి అని అడిగితే కొట్టతను పింక్ సఫైర్ అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. అమ్మ మాత్రం "మా పెళ్లి పట్టుచీర అంచు రంగురా ఇది" అంది. లేత కెంపు సంగతి చెబుదామని నోరు తెరిచేలోపే బేరం మొదలెట్టేసింది. సర్టిఫికెట్ ఉంది, అంచు కట్టిన డిజైన్, 18 క్యారెట్లు. అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

గంటస్తంభం_గురుడు:
అది సరే గానీ, తరుగు ఎంత వేశాడు?