పెట్రోలియం ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్: తోట తాకట్టు పెట్టి వెళ్ళాలా, వద్దా?

తాటిపాక_పిల్ల
అందరికీ నమస్కారమండీ. మాది తాటిపాక దగ్గర పల్లె. పెట్రోలియం ఇంజనీరింగ్ బీటెక్ ఆఖరి సంవత్సరం, సీజీపీఏ 7.8. టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీ నుంచి ఎమ్మెస్‌కి అడ్మిట్ వచ్చింది. స్కాలర్‌షిప్ ఏమీ లేదు. ఫీజులు, అద్దె, తిండి అన్నీ కలిపితే 45 లక్షలు తేలుతోంది. లోన్ కావాలంటే మా రెండెకరాల కొబ్బరి తోట కాగితాలు పెట్టాలన్నారు బ్యాంకువాళ్ళు. నాన్న పెడతానంటున్నారు, అమ్మ ససేమిరా అంటోంది.

నాన్నకి ఈ చదువు మీద అంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నుకొచ్చి, 65 రోజులు మండింది. అప్పటికి నాన్నకి ఇరవై ఏళ్ళు. రాత్రిళ్ళు దీపం లేకుండా ఆ వెలుతురులోనే అన్నాలు తిన్నామంటారు. ఆ హోరులో పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాల్సి వచ్చేదట. "దాన్ని ఆర్పడానికి పై దేశం నుంచి మనుషులు రావాల్సొచ్చింది. మన ఊళ్ళో బావి, మన పిల్లలకి తెలియదా?" అని ఇప్పటికీ అంటూంటారు. నేను ఈ బ్రాంచ్ తీసుకున్నది ఆ మాట వినే.

మా క్లాసులో సగం మంది అప్పుడే అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరిపోయారు. వాళ్ళలా వెళ్ళిపోవాలని నాకు లేదు. అప్పు చేసి అమెరికా వెళ్ళనా, గేట్ స్కోరుతో ఎంటెక్ చేయనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

హ్యూస్టన్_అన్న
చెల్లెమ్మా, అప్పుతో రావద్దు. నేను 2013లో సరిగ్గా ఇలాగే వచ్చాను. మేం తాకట్టు పెట్టింది ఇల్లు. 2014 జూన్‌లో బ్యారెల్ ముడిచమురు వంద డాలర్ల పైన ఉంది. ఆ వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీయే ఉద్యోగం ఇస్తానని కాగితం కూడా ఇచ్చింది. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ వీధిలో అందరికీ లడ్డూలు పంచింది. చేరే తేదీ మొదట మూడు నెలలు వాయిదా పడింది, తర్వాత ఇంకో మూడు నెలలు. ఆ తర్వాత మూడు వాక్యాల మెయిల్ వచ్చింది, ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నామని. 2016 జనవరికల్లా బ్యారెల్ ముప్ఫై డాలర్ల కిందికి పడిపోయింది.

చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేయడానికిచ్చే గడువును ఓపీటీ అంటారు. అందులో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. నేను గోడ మీది క్యాలెండర్‌లో రోజూ ఒక గీత గీసేవాణ్ణి. 81వ గీత నాడు డల్లాస్‌లో ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ పని దొరికింది. భూమి లోపల చమురు ఎలా కదులుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే రిజర్వాయర్ సిమ్యులేషన్ చదివినవాణ్ణి లాగిన్ పేజీలు పరీక్షిస్తూ అప్పు తీర్చాను. అది 2022 దాకా సాగింది.

నీ లెక్క నువ్వే వేసుకో. 45 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ళు అంటే నెలకు 62 వేల రూపాయలు. చదివే రెండేళ్ళ వడ్డీ ఇందులో కలపలేదు. ఇక్కడ చమురు కంపెనీలు చాలావరకు వీసా స్పాన్సర్ చేయాల్సిన కొత్తవాళ్ళ జోలికి రావు. సాఫ్ట్‌వేర్‌లా కన్సల్టెన్సీ దారి కూడా ఈ రంగంలో లేదు.

గోదావరి_గట్టు
అమ్మాయీ, నేను రాజమండ్రిలో ఓఎన్‌జీసీలో చేస్తున్నాను. డ్రిల్లింగ్‌లోగానీ ప్రొడక్షన్‌లోగానీ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ పోస్టుకి బీటెక్ చాలు. మాస్టర్స్ లేదని నన్నెవరూ ఎక్కడా ఆపలేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో: ఆ పోస్టులకి మెకానికల్, కెమికల్ వాళ్ళు కూడా పోటీకొస్తారు. ఏటా నోటిఫికేషన్ వస్తుందన్న నమ్మకమూ లేదు. దాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోకు.

గేట్‌లో పెట్రోలియం పేపర్ ఉంది కదా, స్కోరు వస్తే ధన్‌బాద్ ఐఐటీ ఐఎస్ఎం, రాయ్‌బరేలీ వైపు ఉన్న పెట్రోలియం సంస్థ ఆర్జీఐపీటీ చూడు. ఎంటెక్‌లో నెలకి 12,400 స్టైపెండ్ ఇస్తారు. తోట జోలికి వెళ్ళే పనే ఉండదు. పనికి కూడా కొదవేం లేదు. కాకినాడ తీరానికి అవతల లోతు సముద్రంలో 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో మొదటి చమురు తీశాం. ఆ రోజు కంట్రోల్ రూములో పెద్దవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

ధహ్రాన్_నుంచి
ఇద్దరూ పెద్దవాళ్ళే, ఇద్దరి మాటా నిజమే. కానీ ఒకరేమో అప్పుతో అమెరికా గురించి, ఇంకొకరేమో సర్కారు కొలువు గురించి మాట్లాడుతున్నారు. మధ్యలో ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పడం లేదు.

సౌదీలో కేఎఫ్‌యూపీఎం అనే యూనివర్సిటీలో పూర్తికాలం ఎమ్మెస్ విద్యార్థికి ఫీజు ఉండదు, పైగా నెలనెలా స్టైపెండ్, ఉండటానికి వసతి. ఇప్పుడు అమ్మాయిలను కూడా తీసుకుంటున్నారు. ఎర్ర సముద్రం ఒడ్డున థువల్‌లో ఉన్న కౌస్ట్ యూనివర్సిటీలోనూ అంతే, చేరినవాళ్ళకి ఫెలోషిప్ ఇస్తారు. అక్కడ 2009లో తెరిచిన నాటి నుంచే ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి చదువుతున్నారు. సీటు రావడం కష్టం, ఒప్పుకుంటాను. కానీ కష్టపడాల్సింది చదువులో, ఈఎంఐలో కాదు. నార్వే పేరు కూడా ఎవరో ఒకరు చెబుతారు. యూరప్ బయటివాళ్ళకి అక్కడ 2023 నుంచి ఫీజు పెట్టేశారు, పాత సలహాలు నమ్మకు.

హ్యూస్టన్ అన్నతో ఒక్క విషయంలో తేడా వస్తోంది. అన్నా, మీరు బయటికొచ్చింది ధర కుప్పకూలిన ఏడాది. నేను చేరింది 2016లో, అందరూ ఈ చదువు వదిలి పారిపోతున్న రోజుల్లో. ధర మళ్ళీ లేచేసరికి చేతిలో పని తెలిసినవాళ్ళు తక్కువయ్యారు. నాకు ఉద్యోగం దొరికింది అందుకే.

హ్యూస్టన్_అన్న
తమ్ముడూ, నీకు కలిసొచ్చింది, సంతోషం. కానీ మరో ఏడాది గుర్తుతెచ్చుకో. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో బ్యారెల్ ధర సున్నా దాటి కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. ఆ మేలో పట్టా పుచ్చుకున్న పిల్లలను అడుగు. ధర ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడుతుందో ముందే తెలిసినవాడు లేడు. అప్పులేని పిల్ల ఆ ఏడాది ఎలాగోలా గట్టెక్కుతుంది. అప్పున్న పిల్ల మాత్రం ఇల్లు పోతుందేమోనని రాత్రిళ్ళు నిద్రపోదు. నేను నిద్రపోలేదు.

కెమికల్_కుర్రాడు
అసలు చమురే పోయేది కదండీ? అంతా ఎలక్ట్రిక్ బళ్ళే అవుతుంటే ఈ మాస్టర్స్ ఎవరికి? డేటా సైన్స్ తీసుకోమనండి.

బురద_అక్క
నేను మడ్ ఇంజనీర్‌గా మొదలుపెట్టాను, అంటే బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదను చూసుకునే పని. పదేళ్ళుగా రిగ్గు మీద ఉన్నాను, అందుకే ఈ పేరు. కుర్రాడికి ముందు జవాబు: మన దేశం వాడే ముడిచమురులో 85 శాతం పైన బయటి నుంచే వస్తోంది. రేపు పొద్దున ఇది ఆగిపోదు. ఆగినా భూమికి బొక్క వేసే విద్య ఆగదు. అమెరికాలో యూటా రాష్ట్రంలో భూమి వేడితో కరెంటు తీయడానికి షేల్ బావుల పద్ధతినే వాడుతున్నారు, అడ్డంగా తవ్వి రాయిని పగలగొట్టి. కార్బన్ డయాక్సైడ్‌ని లోపలికి పంపి దాచాలన్నా రాయి ఎంత పట్టుకుంటుంది, ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది అన్న లెక్కలే కావాలి. డేటా సైన్స్ చదివినవాళ్ళకి ఈ రాయి తెలియదు. రాయి తెలిసిన పిల్ల పైథాన్ నేర్చుకోవడానికి ఆరు నెలలు చాలు. నార్వేలోని వోల్వే అనే క్షేత్రం డేటా మొత్తాన్ని అక్కడి చమురు కంపెనీ ఈక్వినార్ 2018లో అందరికీ తెరిచింది. దాని మీద ఒక చిన్న ప్రాజెక్టు చేయి తల్లీ, అప్లికేషన్‌కి అది చాలా బలం.

ఇక చెల్లీ, నీ ఎస్‌ఓపీ, అదే సీటు కోసం ఎందుకు చదవాలనుకుంటున్నావో రాసే వ్యాసం, ఎలా రాశావో నాకు తెలియదు. "చిన్నప్పటి నుంచి నాకు ఇంధన రంగం అంటే ఆసక్తి" అని మొదలుపెట్టి ఉంటే తీసేయి. మీ నాన్నగారి పాశర్లపూడి కథ రాయి. కథతో ఆపేస్తే జాలి పుడుతుంది, సీటు రాదు. అక్కడి నుంచి ఇంజనీరింగ్‌లోకి దిగాలి.

నా ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ అడిగింది ఒక్కటే. బావిలో బురద ఒత్తిడి లెక్క కట్టడానికి మనం 0.052ని బురద బరువుతో, లోతుతో గుణిస్తాం కదా, ఆ 0.052 ఎక్కడి నుంచి వచ్చింది? నేను బట్టీ కొట్టి ఉన్నాను, నోరు పెగల్లేదు. ఆయనే కాగితం మీద వేసి చూపించారు. ఘనపు అడుగులో 7.48 గ్యాలన్లు, చదరపు అడుగులో 144 చదరపు అంగుళాలు, దాన్ని దీంతో భాగిస్తే 0.052. అంతే. గ్యాలన్‌కి పది పౌండ్ల బరువుండే బురద పదివేల అడుగుల లోతులో 5,200 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి ఇస్తుంది. రాయిలో గ్యాస్ ఒత్తిడి దానికంటే ఎక్కువైతే గ్యాస్ బావిలోకి తోసుకొస్తుంది, పైన ట్యాంకులో బురద మట్టం పెరుగుతుంది. దాన్నే కిక్ అంటాం. ఆ పెరుగుదలను కనిపెట్టి సమయానికి బావి మూయకపోతే బ్లోఅవుట్. మీ నాన్నగారు 65 రోజులు చూసిన మంట వెనక ఉండేది ఈ చిన్న గుణకారమే. నీ ఎస్‌ఓపీ ఇక్కడ మొదలవ్వాలి: ఈ కిక్‌ని ఇంకొంచెం ముందుగా ఎలా పసిగట్టాలి, దాని మీద ఆ యూనివర్సిటీలో ఎవరు పనిచేస్తున్నారు, నువ్వు ఏం చేయగలవు.

ఆ ప్రొఫెసర్ పేపర్లు రెండైనా చదివాకే మెయిల్ పెట్టు. "రెస్పెక్టెడ్ సర్" అని ఒకే మెయిల్ యాభై మందికి పంపేవాళ్ళను వాళ్ళు మొదటి వాక్యంలోనే పట్టేస్తారు. థీసిస్ ఉన్న కోర్సే అడుగు. అమెరికాలో అసిస్టెంట్‌షిప్, అంటే ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తూ జీతం తీసుకునే అవకాశం, వచ్చేది ఎక్కువగా వాళ్ళకే. అది వస్తే టెక్సాస్ కూడా వెళ్ళు, నేనే పచ్చజెండా ఊపుతాను. రాకపోతే మాత్రం హ్యూస్టన్ అన్న మాట విను.

గోదావరి_గట్టు
ఈ బురద అక్క చెప్పింది బాగుంది. నేను ఇన్నేళ్ళూ 0.052 వాడుతున్నాను, ఎప్పుడూ విప్పి చూడలేదు.

తాటిపాక_పిల్ల
రాత్రి నాన్నకి అన్నీ చదివి వినిపించానండీ. హ్యూస్టన్ అన్న గీతల దగ్గర అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. బురద అక్క రాసింది రెండుసార్లు చదవమన్నారు నాన్న. బురద మట్టం పెరగడం అంటే ఏమిటో కాగితం మీద బొమ్మ వేసి చూపిస్తే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. "అయితే ముందే తెలుస్తుందన్నమాట" అన్నారు.

తోట కాగితాలు బ్యాంకుకి ఇవ్వడం లేదు. టెక్సాస్ వాళ్ళకి అడ్మిట్ వచ్చే ఏడాదికి వాయిదా వేయగలరా అని, థీసిస్‌కి మారితే అసిస్టెంట్‌షిప్‌కి అవకాశం ఉంటుందా అని రాశాను. కేఎఫ్‌యూపీఎం, కౌస్ట్ రెంటికీ పెడతాను. గేట్ స్కోరుతో ధన్‌బాద్‌కి కూడా. ఇవేవీ కుదరకపోతే ఒక ఏడాది చమురు కంపెనీలకి బావుల పని చేసిపెట్టే సర్వీస్ కంపెనీలో రిగ్గు మీద ఏ పని ఇచ్చినా చేస్తాను. దానికి అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

అక్కా, ఎస్‌ఓపీ మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను. ఆదివారానికి పంపితే చూస్తారా?

బురద_అక్క
శనివారమే పంపు. ఆదివారం నేను మళ్ళీ రిగ్గు ఎక్కాలి, అక్కడ నెట్ సరిగ్గా రాదు.

హ్యూస్టన్_అన్న
నాక్కూడా పంపు చెల్లెమ్మా. మీ అమ్మగారికి ఫోన్ కావాలంటే నేను మాట్లాడతాను.