"కె ఓరస్ సెరాఁవ్?" – ఇప్పటి సమయం అడగడానికి పోర్చుగీసులో భవిష్యత్కాలం ఎందుకు?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. నేను కొంతకాలంగా పోర్చుగీసు నేర్చుకుంటున్నాను. ఒక పాఠంలో "కె ఓరస్ సెరాఁవ్?" అనే వాక్యానికి "ఇప్పుడు టైమెంతై ఉంటుంది?" అని అర్థం ఇచ్చారు. "సెరాఁవ్" అనేది "సేర్" ధాతువుకు భవిష్యత్ రూపమని అంతకుముందే చదివాను. ఇప్పటి సమయం గురించి అడిగేటప్పుడు భవిష్యత్ రూపం ఎందుకు వచ్చింది? పైగా బ్రెజిల్ వారి సంభాషణలు వింటే రేపటి పనుల గురించి చెప్పేటప్పుడు కూడా ఈ రూపాలు దాదాపు వినిపించడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు:

చాలా మంచి ప్రశ్న. లిస్బన్ ఉచ్చారణకూ బ్రెజిల్ ఉచ్చారణకూ చాలా తేడా ఉంది కనుక ఇక్కడ మాటలను వాటి వర్ణక్రమానికి దగ్గరగా రాస్తున్నాను. ఊనిక (ఒత్తి పలకడం) పడే అచ్చును దీర్ఘంతోనూ, ముక్కుతో పలికే ధ్వనిని అరసున్నతోనూ సూచిస్తున్నాను.

రూపనిర్మాణం సులభం. ధాతువు మూలరూపంలో ఏమీ తీసివేయకుండా దాని చివర ఏయ్, ఆస్, ఆ, ఏముస్, ఏయ్స్, ఆఁవ్ అనే ప్రత్యయాలను చేరిస్తే చాలు. "ఫలార్" అంటే మాట్లాడు. దాని నుండి ఫలరేయ్, ఫలరాస్, ఫలరా, ఫలరేముస్, ఫలరేయ్స్, ఫలరాఁవ్ వస్తాయి. వర్తమానంలోనూ భూతకాలంలోనూ నేర్చుకునేవారిని ఎంతో కష్టపెట్టే ఈ భాషలో భవిష్యత్తుకు లొంగని ధాతువులు మూడే ఉన్నాయి: దిజేర్ (చెప్పు), ఫజేర్ (చేయు), త్రజేర్ (తెచ్చు). వీటికి దిరేయ్, ఫరేయ్, త్రరేయ్ అని కుదించిన రూపాలు వస్తాయి. వీటి నుండి పుట్టిన ధాతువులూ ఇదే దారిలో నడుస్తాయి. అయితే ఊనిక విషయంలో జాగ్రత్త అవసరం. "ఫలారఁవ్" అంటే మాట్లాడారు, "ఫలరాఁవ్" అంటే మాట్లాడతారు. ఈ రెండింటి మధ్య చెవికి అందే ప్రధానమైన తేడా ఊనిక స్థానమే కావడం వల్ల, రాతలో ఒకదానికి బదులు మరొకటి రాసే పొరపాటు బ్రెజిల్‌లో ఆ భాష మాతృభాషగా ఉన్నవారిలోనే తరచుగా కనిపిస్తుంది.

ఈ ప్రత్యయాలు ఎక్కడినుండి వచ్చాయో తెలిస్తే మీ సందేహం సగం తీరుతుంది. ప్రాచీన లాటిన్‌లో "ప్రేమిస్తాను" అనడానికి "అమాబో" అనే రూపం ఉండేది. కాలక్రమంలో అచ్చుల మధ్య "బ", "వ" ధ్వనులు కలిసిపోవడంతో "అమాబిత్" (ప్రేమిస్తాడు), "అమావిత్" (ప్రేమించాడు) ఒకేలా వినిపించసాగాయి. జనం "అమారె హాబెయో" అనే జంట మాటను ఆశ్రయించారు. "నాకు ప్రేమించవలసి ఉంది" అన్నట్టు దాని భావం. అదే కరిగి పోర్చుగీసులో "అమరేయ్" అయింది. అంటే పైన చెప్పిన ప్రత్యయాలు, "హాబెయో"కు పోర్చుగీసులో మిగిలిన "అవేర్" అనే ధాతువు వర్తమాన రూపాలే. ఆ అతుకు నేటికీ పూర్తిగా మాసిపోలేదు. "అతనికి ఇస్తాను" అనడానికి శిష్ట రచనలో "దర్-ల్యె-ఏయ్" అని రాస్తారు. "అతనికి" అనే సర్వనామం ధాతువుకూ ప్రత్యయానికీ మధ్యలో వచ్చి కూర్చుంటుంది. వ్యతిరేకార్థకం ముందుంటే మాత్రం అది ముందుకు జరిగి "నాఁవ్ ల్యె దరేయ్" అవుతుంది. ఈ మధ్యస్థ ప్రయోగం పోర్చుగల్‌లో లాంఛనమైన రాతకు పరిమితమైంది, బ్రెజిల్ వాడుకలో దాదాపు అంతరించింది. నేర్చుకునేవారు దీన్ని వాడనవసరం లేదు, కాని చదివినప్పుడు గుర్తించగలిగితే భాష చరిత్రే కంటి ముందు కనబడుతుంది.

ఇక సంభాషణలో భవిష్యత్తును మోసేది "ఈర్" (వెళ్లు) ధాతువు. "వో ఫలార్" అంటే మాట్లాడతాను. "వాముస్ ఫలార్" అంటే మాట్లాడతాము. స్పానిష్ తెలిసినవారు ఈ రెండు క్రియల మధ్య "ఆ" అనే విభక్తిని చేర్చబోతారు. పోర్చుగీసులో అది ఉండదు. రేపు, వచ్చే వారం వంటి మాటలు వాక్యంలో ఉంటే వర్తమాన రూపమే సరిపోతుంది. బ్రెజిల్ కాల్‌సెంటర్లలో పెరిగిన "వో ఇస్తార్ త్రాన్స్‌ఫెరీన్దు" (బదిలీ చేస్తూ ఉంటాను) వంటి ప్రయోగంపై అక్కడ పెద్ద వివాదమే నడిచింది. 2007లో బ్రసీలియా ఉన్న ఫెడరల్ జిల్లా గవర్నరు తన ప్రభుత్వ కార్యాలయాల నుండి ఆ శత్రర్థక ("చేస్తూ" వంటి) రూపాన్ని తొలగిస్తున్నట్టు ఆదేశం జారీ చేశారు. నిజంగా కొనసాగే పనికి ఆ రూపం నిర్దుష్టమే, క్షణంలో ముగిసే పనికి వాడటమే అసహజం అని నా అభిప్రాయం.

కాలాన్ని చెప్పే పని "వో ఫలార్" తీసుకున్నాక, పాత రూపానికి మిగిలిన పనుల్లో ముఖ్యమైనది ఊహ. "సెరాఁవ్ దెస్ ఓరస్" అంటే పది అయి ఉంటుంది. "కేఁయ్ సెరా?" అంటే ఎవరై ఉంటారు? ఇది తెలుగువారికి కొత్త కాకూడదు. "పది అయి ఉంటుంది" అన్నప్పుడు మనం వాడే "ఉంటుంది" కూడా "రేపు సెలవు ఉంటుంది" అన్నప్పటి రూపమే కదా! జరగబోయేది ఎలా ఇంకా తేలలేదో, మనకు కనబడని వర్తమానమూ అలాగే తేలలేదు. రెండు భాషలూ ఆ తేలనితనానికే ఒక రూపాన్ని ఇచ్చాయి. పోర్చుగల్ పత్రికలు దీన్ని ఇంకొంత ముందుకు తీసుకువెళ్లి, నిర్ధారణ కాని వార్తకు "ఉ మినీస్త్రు తెరా దీతు" అని రాస్తాయి. దీనికి తెలుగులో "మంత్రి అన్నారట" అనడమే సరైనదని నేను భావిస్తాను. "అని ఉంటాడు" అంటే అది విలేకరి సొంత ఊహగా మారిపోతుంది.

ఇవికాక, బైబిలు పది ఆజ్ఞల్లోని "నాఁవ్ మతరాస్" (నరహత్య చేయకూడదు) వంటి శాసనవాక్యాల్లో కూడా ఈ రూపం నిలిచింది. దృఢ సంకల్పానికి మాత్రం "ఏయ్ దె వెన్సేర్" (గెలిచి తీరతాను) అనే వేరే నిర్మాణం ఉంది.

అనుబంధ ప్రశ్న:

ధన్యవాదాలు. ఒక్క సందేహం. "నువ్వు వచ్చినప్పుడు చెబుతాను" అనాలంటే "క్వాన్దు" (ఎప్పుడైతే) తర్వాత కూడా "వో" చేర్చాలా?

జవాబు:

చేర్చకూడదు. భవిష్యత్తును ఉద్దేశించిన "క్వాన్దు", "సె" (అయితే) తర్వాత సంభావనార్థక భవిష్యత్తు అనే ప్రత్యేక రూపం వస్తుంది. స్పానిష్‌లో ఇది న్యాయ పరిభాషకూ కొన్ని సామెతలకూ పరిమితమైంది. పోర్చుగీసులో మాత్రం చిన్నపిల్లలు కూడా నిత్యం వాడతారు. భూతకాల ప్రథమ పురుష బహువచనం తీసుకుని చివరి "రఁవ్" స్థానంలో "ర్" ఉంచితే ఆ రూపం వస్తుంది: ఫిజేరఁవ్ (చేశారు) నుండి ఫిజేర్, తివేరఁవ్ (కలిగి ఉన్నారు) నుండి తివేర్, కిజేరఁవ్ (కోరారు) నుండి కిజేర్. ప్రతి ఇంటా వినిపించే "సె దెవుస్ కిజేర్" (దేవుడు తలిస్తే) ఇలా ఏర్పడినదే. మీ వాక్యం "క్వాన్దు వియేరిస్, వో తె దిజేర్" అవుతుంది. మీ తెలుగు వాక్యాన్ని ఒకసారి చూడండి: రాబోయే రాక గురించి మాట్లాడుతూ మనం కూడా "వచ్చిన" అనే భూతకాల రూపాన్నే వాడుతున్నాము. ప్రధానక్రియ కంటే ముందు ముగిసే పని కాబట్టి రెండు భాషలూ భూతకాలపు అంగాన్నే ఎంచుకున్నాయి.

ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోండి. "వీర్" (వచ్చు) ధాతువుకు ఈ రూపం "వియేర్". "వేర్" (చూచు) ధాతువుకు ఈ రూపం "వీర్". అందువల్ల "క్వాన్దు ఉ వీర్" అంటే అతన్ని చూసినప్పుడు అని అర్థం, వచ్చినప్పుడు అని కాదు.