క్రాస్‌లు మార్చాక 60 దాటితే జీపు వణుకుతోంది

మాది రాయగడ. ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ జీపుకి వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి వెనక చక్రాల యాక్సిల్‌ని తిప్పే పొడవాటి రాడ్డు) క్రాస్‌లు (దాని చివర్ల మడత జాయింట్లు), కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) కొత్తవి వేయించాం. అప్పటినుంచి 60 దాటగానే సీటు కింద గుర్రుమని వణుకు. 75కి లోపలి అద్దంలో ఏదీ నిలకడగా కనబడదు. ఆ వేగంలో న్యూట్రల్ చేసినా తగ్గట్లేదు, కాబట్టి ఇంజిన్ కాదు. టైర్లు బ్యాలెన్స్ చేయించాం. ముందు షాఫ్ట్ ఊడదీసి నడిపాం, అదే వణుకు. వెనక షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లూ (క్రాస్‌ని పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉన్నాయి. కొత్త కట్టలతో బండి వెనక రెండంగుళాలు లేచింది, నా అనుమానమంతా దాని మీదే. కొరాపుట్ ఘాట్‌లో మనుషుల్ని ఎక్కించుకు తిరిగే బండి, చాలా టెన్షన్‌గా ఉంది.

షాఫ్ట్‌ని బ్యాలెన్సింగ్‌కి విశాఖ పంపే ముందు, కట్టకీ వెనక యాక్సిల్ హౌసింగ్‌కీ మధ్య ఏటవాలు ప్లేటు వేసి పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే యాక్సిల్ గేరు) కోణం సరిచేస్తే ఈ వణుకు పోతుందా?