‘జిగిబిగి’లోని బిగి, టెన్షన్ ఒకటేనా?

ఊలుబంతి:
అక్క కోసం ఒక స్వెటర్ ప్యాటర్న్‌ను తెలుగులో రాసిపెడుతున్నాను. మొదట్లోనే ‘టెన్షన్: 10 సెం.మీ.కి 22 కుట్లు, 30 వరసలు’ అని ఉంది, అంటే ఇంత కొలతలో ఎన్ని కుట్లు పడాలో చెప్పే లెక్క. ‘బిగి’ అని రాయబోతే, అల్లసాని పెద్దన కవిత్వాన్ని మెచ్చుకునే పద్యంలోని ‘...అల్లిక జిగిబిగి’ అన్న పాదం నోట్లో నానడం మొదలైంది. ఆ బిగి, ఈ బిగి ఒకటేనా? పాదం మొదలు ‘అల్లసానివారి’యా, ‘వాని’యా? ఇంకోటి, ‘ఎస్ఎల్1, కె1, పీఎస్ఎస్ఓ, ఎస్ఎం’ అన్న అల్లిక గుర్తుల్లో (కె1 అంటే ఒక కుట్టు అల్లు) ఎస్ఎల్‌కి, అంటే స్లిప్‌కి, ‘జార్చు’ అనవచ్చా?

ఆటవెలది:
వాని. ‘అల్లసానివాని యల్లిక జిగిబిగి’. యడాగమం, అంటే రెండు అచ్చుల మధ్య వచ్చే ‘య’, వదలకండి.

పాతపుస్తకం:
అంత ఖాయంగా ఎలా చెబుతున్నారండీ? వాని, వారి రెండూ గలాలే (గురువు, లఘువు), ఛందస్సు ప్రకారం మూడో సూర్యగణానికి ఏదైనా సరిపోతుంది. యతి ‘అ’కీ ‘య’కీ పడుతోంది కాబట్టి అదీ తేల్చదు. నా చెవికి ‘వారి’ దగ్గరే పెద్దన కనిపిస్తాడు.

ఆటవెలది:
తర్వాతి పాదాలు చూడండి. ‘తిమ్మనార్యు’ ఏకవచనం, ‘పాండురంగవిభుని’ ఏకవచనం. పెద్దన ఒక్కడికే బహువచనం ఎందుకు? పద్యంలో ఏకవచనం అగౌరవం కాదు.

సూదిమొన:
ఊలుబంతి గారూ, ‘జార్చు’ మాత్రం రాయకండి. అల్లేవాళ్లకి జారిన కుట్టు అంటే సూది మీంచి తప్పిపోయిన కుట్టు. ఎస్ఎల్ అంటే కుట్టును అల్లకుండా ఎడమ సూది నుంచి కుడి సూదికి మార్చడం. నేను ఒకసారి ‘ఒకటి జార్చు’ అని రాసిచ్చాను. నేర్చుకుంటున్న అమ్మాయి కుట్టును నిజంగానే వదిలేసింది. ఆరు వరసల కింద దాకా నిచ్చెనలా విడిపోయింది. క్రోషె సూదితో ఒక్కో అడ్డుపోగునూ లూప్‌లోంచి పైకి లాగుతూ ఇద్దరం కూర్చున్నాం. ఆ రోజు నుంచి ‘మార్చు’ అనే రాస్తున్నాను. ఎస్ఎం అంటే ‘రింగు మార్చు’, గుర్తు కోసం సూదికి వేసుకునే రింగును. రింగు కుట్ల లెక్కలోకి రాదని పక్కనే రాయండి. పీఎస్ఎస్ఓకి ‘దాటించు’ బాగుంటుంది. ముందు మార్చిన కుట్టును ఇప్పుడు అల్లిన కుట్టు మీదుగా దాటించి సూది నుంచి దించేస్తాం. ఒక కుట్టు తగ్గి, అల్లిక ఎడమకు వాలుతుంది.

ఊలుబంతి:
చాలా సాయం చేశారు. కానీ పొట్టిగా రాస్తే దాటించుకి ‘దా.’, వైఓ అంటే ‘దారం చుట్టు’, అదీ ‘దా.’ అవుతోంది!

నిఘంటుప్రియ:
మన నిఘంటువులు ఈ చిక్కును ఎప్పుడో విప్పాయి. విశేష్యానికి ‘వి.’, విశేషణానికి ‘విణ.’ అని పెట్టుకున్నాయి. తొలి అక్షరంతో పాటు తేడా చూపే అక్షరం పట్టుకోవాలి. ‘దాట.’, ‘దార.’ అనండి. ఇంగ్లిష్‌లో ఒక కుట్టు పెంచడానికి వాడే ఎం1ఎల్, ఎం1ఆర్ చేసే పనీ అదే, చివరి అక్షరమే ఏ పక్కకి వాలుతుందో చెబుతుంది.

పాతపుస్తకం:
బిగి సంగతి మరిచాం. జిగి అంటే కాంతి, బిగి అంటే పట్టు. ‘అంబరచుంబి శిరస్సరజ్ఝరీ’ అని ఒక్కసారి పైకి చదవండి, ఎక్కడైనా వేలు దూరుతుందా? పెద్దన మనుచరిత్రలో నాకు ప్రాణమైన చోటు అది. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఉండే పట్టు అదే, టెన్షన్‌కి ఇంతకన్నా మంచి మాట లేదు.

సూదిమొన:
నాకు ఒప్పుదల లేదు. 22 రావలసిన చోట 24 వస్తే బిగి ఎక్కువైంది అంటాం, 20 వస్తే వదులైంది అంటాం. టెన్షన్ రెంటినీ కొలిచే మాట. బిగి ఒక పక్కకే లాగుతుంది. అమెరికా ప్యాటర్న్‌లలో గేజ్ అని రాసేదీ కొలతే.

ఆటవెలది:
‘బిగి తగ్గింది’ అని మనం అనమా? తగ్గేది, పెరిగేది ఏదైనా కొలతే కదండీ.

సూదిమొన:
అంటాం. కానీ ‘బిగి: 22 కుట్లు’ అని చదివితే మా విద్యార్థులు దారాన్ని వేలికి మరో చుట్టు చుట్టి లాగుతారు.

పాతపుస్తకం:
‘వారి’ని నేనింకా వదల్లేదు. నాలుగో పాదం ఎవరికైనా పూర్తిగా వచ్చా?