అప్‌డేట్: ‘ది రోడ్’లో ప్రళయానికి కారణం ఎందుకు చెప్పలేదు?

కార్మాక్ మెకార్తీ నవల ‘ది రోడ్’ (2006) నాశనమైపోయిన ప్రపంచంలో నడిచి వెళ్లే ఒక తండ్రీకొడుకుల కథ. ఆ ప్రపంచం ఎలా నాశనమైందో రచయిత ఎందుకు దాచాడని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. కారణం సంగతి పక్కనపెట్టి, కథ ఎవరి కళ్లతో నడుస్తోందో చూడమన్నారు కొందరు. మళ్లీ చదివాను. ఆ సలహా బాగా పనికొచ్చింది, చాలా థాంక్స్.

ప్రళయం వచ్చిన క్షణంలో గడియారాలు 1:17కి ఆగిపోతాయి. కిటికీ అవతల వెలుగు కనబడగానే తండ్రి బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టడం మొదలుపెడతాడు. ఇప్పుడు స్నానమేంటని భార్య అడుగుతుంది. స్నానానికి కాదంటాడు, అంతే. బాంబా, ఉల్కా అన్న చర్చే లేదు. ఇక నీళ్లు రావని అతనికి అప్పటికే అర్థమైపోయింది. భయమంతా ఆ కుళాయి దగ్గరే ఉంది! నాకైతే నవల మొత్తంలో ఇంతకన్నా గొప్ప చోటు కనబడలేదు.

సంభాషణలకు కొటేషన్ గుర్తులు, పాత్రలకు పేర్లు లేకపోవడమూ ఇలా చెప్పకుండా వదిలేయడంలో భాగమే. పేరు పెట్టి పిలవడానికి ఊరంటూ మిగిలితే కదా. దారిలో కలిసిన ముసలాయన ఈలై అని చెప్పి, అది తన అసలు పేరు కాదంటాడు.

ఈ నవల మీద నేను రాస్తున్నదాంట్లో ఇతివృత్తానికి ఉదాహరణగా కోక్ డబ్బా ఘట్టం తీసుకున్నాను: దొరికిన ఒక్క డబ్బాలో తండ్రి కూడా తాగాలని పిల్లాడు పట్టుబడతాడు. తండ్రి పోయాక కథనం కొడుకు వెంట ఎలా నడుస్తుందో ఇంకా రాయాలి.